తలుపు వెనక మంత్రం

దస్తగిరి సామి దగ్గర తొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్నా కంబగిరికి ఒక్క లోటు మిగిలిపోయింది. సామి రోజూ పొద్దున్నే తలుపు వేసుకుని చేసే సాధన ఏమిటో ఆయన ఇంతవరకూ చెప్పలేదు.

దస్తగిరి దూదేకుల సాయిబు. ఆదోనిలో నలభై ఏళ్ళు దూది ఏకి, పరుపులు కుట్టి, ఆ మీదట అంగడి కొడుకులకు అప్పజెప్పి ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. తత్త్వం అడిగినవాళ్ళకు తత్త్వం చెబుతాడు, తగాదాతో వచ్చినవాళ్ళకు చీవాట్లు పెడతాడు. పిల్లలకు దిష్టి తగిలిందని చెంబుతో నీళ్ళు తెచ్చేవాళ్ళకు ఏదో చదివి ఊది పంపుతాడు. ఏ కులం, ఏ మతం అని అడగడు. అరుగు మీద చోటుంటే చాలు.

శిష్యులు తెల్లవారేసరికే అక్కడికి చేరతారు. అప్పటికి లోపలి గది తలుపు మూసి ఉంటుంది. ముందు తుమ్మెద తిరిగినట్టు సన్నని రొద వినిపిస్తుంది. కాసేపటికి మద్దెల మీద అరచేత్తో తట్టినట్టు చప్పుడు. ఆ తర్వాత సామి గొంతులోంచి లోతుగా "హా… హా…" అని. ఆఖరున రెండు దగ్గులు. అరగంటకు తలుపు తీసుకుని, కడుక్కున్న ముఖంతో సామి బయటికి వస్తాడు.

కంబగిరి తత్త్వాలు పాడే మనిషి. హార్మోనియం ముందు కూర్చుని గొంతెత్తితే వీధి చివరి వాళ్ళు కూడా పని ఆపి వింటారు. దానికి తోడు నాలుగు పుస్తకాలు చదివాడు. "మొదటిది తుమ్మెద నాదం, రెండోది మద్దెల నాదం. రెండూ దాటినవాళ్ళకే హాకారం పలుకుతుంది" అని తోటి శిష్యులకు విడమర్చి చెప్పాడు. గురువు చెప్పనివి శిష్యుడు చెబుతుంటే వినడానికి బాగానే ఉంటుంది. ఇద్దరు ముగ్గురు తమ ఇళ్ళలో పటాల ముందు కళ్ళు మూసుకుని హా హా అనడం కూడా మొదలుపెట్టారు. ఆఖరి దగ్గుల దగ్గర మాత్రం కంబగిరికి అర్థం దొరకలేదు. అది దేహధర్మం అని సరిపెట్టాడు.

ఇన్ని తెలిసినవాడికి తన రొమ్ము సంగతి మాత్రం పట్టలేదు. అతనికి ఊపిరి గొట్టాలు సాగి, కఫం అడుగున నిలిచిపోయే జబ్బు. పూర్తిగా పోయేది కాదు, రోజూ కనిపెట్టుకుని ఉండవలసింది. కర్నూలు ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఇంట్లో ఎలా పడుకోవాలో, ఎలా ఊదాలో, కఫం ఎలా బయటికి తెచ్చుకోవాలో ఓపికగా నేర్పి, బొమ్మలు వేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టింది. రెండు నెలలు చేశాడు. దగ్గు తగ్గింది, గొంతు విచ్చుకుంది. బాగున్నాను కదా, ఇంకా ఎందుకని మానేశాడు. హార్మోనియం మూత కటకటలాడుతుంటే ఆ కాగితమే మడిచి సందులో దోపాడు.

వానలు పడగానే జ్వరంతో ఆస్పత్రిలో చేరాడు. వచ్చి మళ్ళీ చేశాడు, మళ్ళీ బాగుపడ్డాడు, మళ్ళీ మానేశాడు. ఇంకోసారీ ఇదే వరస. మూడోసారి పదకొండు రోజులు ఆస్పత్రి మంచం మీదే ఉన్నాడు. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించాడు. "ఎడమవైపు కింది భాగం చెడిపోయింది. ఇట్లాగే ఉంటే పాట సంగతి తర్వాత, నాలుగు మెట్లు ఎక్కడానికి కూడా ఊపిరి చాలదు."

ఇంటికొచ్చి హార్మోనియం తీశాడు. చరణం సగంలోనే గాలి అయిపోయింది. కంబగిరి హడలిపోయాడు. తిన్నగా సామి దగ్గరికి పోయి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"సామీ, తొమ్మిదేండ్లుగా అడుగుతాండా. ఇంక నాకు టైము లేదు. ఆ మంత్రం ఇయ్యి. అదొక్కటే నన్ను బతికించేది."

"ఆస్పత్రోళ్ళు చెప్పింది చేస్తాండావా?" అన్నాడు సామి.

కంబగిరి జబ్బు పడినప్పటి నుంచీ, అతను మంత్రం అడిగినప్పుడల్లా ఆయన అడిగేది ఇదే. మాట తప్పించడానికి అడుగుతున్నాడని కంబగిరి అనుకునేవాడు.

"అదేముంది సామీ, దగ్గడమే గదా. దగ్గేదానికి గురువు కావల్నా?"

"రేపు తెల్లారి రా. ఏమీ తినకుండా రా" అన్నాడు సామి.

పరగడుపున రమ్మన్నాడంటే ఉపదేశమే. కంబగిరి తలస్నానం చేసి, కొత్త పంచె కట్టి, పూలూ టెంకాయా పట్టుకుని వచ్చాడు. అరుగు మీదున్నవాళ్ళ వంక చూడనైనా చూడలేదు.

తలుపు తీసింది సామి భార్య హుస్సేనమ్మ. "బిరీన రా నాయనా, కోళ్ళు దూర్తాయి" అని అతన్ని లోపలికి లాగినంత పని చేసి తలుపు మూసేసింది.

గదిలో ఒక మంచం ఉంది. కాళ్ళు చాపే వైపు మంచం కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టారు. సామి ముఖానికి మాస్కు పెట్టుకుని మందు ఆవిరి పీలుస్తున్నాడు. కింద చిన్న మిషను రొద చేస్తోంది. తుమ్మెద అదే.

మిషను ఆపి, సామి తల పల్లానికి పెట్టి పక్కకు తిరిగి పడుకున్నాడు. హుస్సేనమ్మ ఆయన మీద పల్చని తువ్వాలు పరిచి, నీళ్ళు తోడుకునేటట్టు అరచెయ్యి వంచి, పక్కటెముకల మీద తట్టసాగింది. డెబ్బై ఏళ్ళ చేతులు. ఒక్క దెబ్బ లయ తప్పలేదు, ఒక్క దెబ్బ గట్టిగా పడలేదు. ఇంత నిలకడ గల చెయ్యి తన భజన బృందంలో ఒక్కరికీ లేదని కంబగిరికి ఒప్పుకోక తప్పలేదు.

సామి లేచి కూర్చున్నాడు. నిదానంగా గాలి తీసుకుని, నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు ఊదాడు. "హా… హా…" తర్వాత రెండు దగ్గులు. బూడిద పోసిన డబ్బాలో ఉమ్మి మూత పెట్టాడు.

కంబగిరి చేతిలో టెంకాయ అలాగే ఉండిపోయింది. కర్నూల్లో ఆ అమ్మాయి బుల్లి అద్దం ఒకటి నోటి ముందు పెట్టి, "హా అని ఊదండన్నా, దీని మీద ఆవిరి పట్టల్ల" అన్న మాట చెవిలో మోగింది. అప్పుడు అతనికి నవ్వొచ్చింది. ఇప్పుడు రాలేదు.

"నీకూనా సామీ?"

"దూది దుమ్ము మింగినోన్ని గదప్పా. ముప్పై ఏండ్లాయె. డాక్టరు చెప్పినాడు, చేస్తాండా."

"ఒక్క దినమన్నా మానలేదా?"

దానికి హుస్సేనమ్మ చెప్పింది. "యాడ మానేది నాయనా? మా పెద్దోని పెండ్లి దినం అందరూ పందిట్లో కూర్చున్నంక గుర్తొచ్చె. ఈ మనిషిని బియ్యం మూటల గదిలోకి తోల్కపోయి తట్టి, మళ్ళా తెచ్చి కూర్చోబెడితి."

"మరి తలుపెందుకమ్మా మూసేది?"

"చెప్పితి గదా. కోళ్ళు."

కంబగిరి టెంకాయ కింద పెట్టాడు. తొమ్మిదేళ్ళుగా సామి యోగం గురించి తను కట్టిన కథలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ యోగమే నిజమైనా ఇంత గొప్పగా ఉండేది కాదనిపించింది. ఊరి పిల్లల నీళ్ళ మీద ఊదే ఊపిరిని ఆయన ముప్పై ఏళ్ళుగా ప్రతి పొద్దూ ఇలా సంపాదించుకుని బయటికి వస్తున్నాడు.

"బాగైనంక మానేస్తి సామీ" అన్నాడు. "మూడు మార్లూ అంతే."

"బాగలేని పొద్దు ఎవరైనా చేస్తారు" అన్నాడు సామి. "బాగున్న పొద్దు రా. ఆ పొద్దు ఇస్తా మంత్రం."

కంబగిరి ఇంటికి పోయి హార్మోనియం సందులోంచి కాగితం బయటికి లాగాడు. మడతల దగ్గర చినిగింది. గోడకు అంటించాడు. భార్య ఉరుకుందమ్మ ఆ బొమ్మలు చూసి అరచెయ్యి వంచడం నేర్చుకుంది. మొదట్లో ఆమె తడితే చెంపదెబ్బలా మోగేది. పది రోజులకు మద్దెల పలికింది. అరుగు మీదివాళ్ళు "మంత్రం ఇచ్చినాడా?" అని గుచ్చి గుచ్చి అడిగితే, "ఇస్తానన్నాడు" అని ఊరుకున్నాడు.

వానలు వచ్చి వెళ్ళిపోయాయి. జ్వరం రాలేదు.

కార్తీకంలో ఒక పొద్దున మెలకువ వచ్చేసరికి దగ్గు లేదు. గాలి పొట్ట దాకా దిగింది. పక్క మీదే ఒక చరణం అందుకుంటే ఆఖరి మాట దాకా ఊపిరి సరిపోయింది. కంబగిరికి సంతోషం పట్టలేదు. గోడ మీది కాగితం వంక చూడకుండా, మంచినీళ్ళైనా తాగకుండా సామి ఇంటికి పరుగెత్తాడు.

సామి పని అప్పుడే అయింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని మంచం దిగుతున్నాడు.

"సామీ! ఈ పొద్దు శానా బాగుండాది."

హుస్సేనమ్మ కోళ్ళను అదిలించి తలుపు మూసింది. మంచం మీది దుప్పటి తీసేసి ఉతికినది పరిచింది. సామి పక్కకు జరిగి, కంబగిరికి దారి ఇచ్చాడు.

"అయితే పండుకో" అన్నాడు.