కొసరు అడిగిన గాడిద

1961 నవంబరు 12, ఆదివారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. మధ్యాహ్నానికి గాని ఎండపొడ కనబడలేదు. నేనప్పుడు బి.ఏ. రెండో ఏడు. ముసురు పట్టిన రోజు మా హాస్టల్లో ఉలవచారు కాచేవారు. ఆ రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదు. సరే, నేను చెప్పాల్సింది ఉలవచారు గురించి కాదు, తేనె గురించి.

ఆ ముసురులోనే నల్లగుట్ట అడవిలో వారపు సంత జరిగింది. అందులో ఎలుగుబంటి మంగమ్మవ్వకు తేనె అంగడి ఉండేది. మోకాళ్ళు పట్టేసి అవ్వ గుట్ట దిగడం మానేశాక, నక్క గోవిందు దాన్ని చూసుకునేవాడు. తన తర్వాత అంగడి వాడికే ఇచ్చిపోదామని అవ్వ ఉద్దేశం. కాని బేరాలు తగ్గాయని వింది. సంగతేమిటో చూసి రమ్మని చాకిరేవులో మూటలు మోసే గాడిద పోలయ్యను పిలిపించింది. పోలయ్యకు ఆదివారాలు తీరిక. ఇంట్లో ముగ్గురు పిల్లలు. పై సంపాదన వస్తానంటే వద్దనే స్థితి కాదు.

"అందరిలాగే వెళ్ళి ముంతెడు తేనె కొను. నేను పంపానని చెప్పకు. కొసరు మాత్రం అడగకు. వాడంతట వాడు వేస్తాడో లేదో నాకు తెలియాలి" అంది అవ్వ.

కొసరంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. కొలత అయ్యాక అంగడివాడు పైన ఇంకాస్త వేసేవాడు. వేసేదాకా మనం కదిలేవాళ్ళం కాదు. ఇప్పుడన్నీ అంటించిన పొట్లాలే. మా మనవరాలు బియ్యం కూడా ఫోన్లో తెప్పిస్తుంది. కొసరు ఎవర్ని అడగను?

అవ్వ రహస్యంగా ఎవరినో పంపుతోందని, కొసరు అడగొద్దని చెప్పిందని కాకి ద్వారా గోవిందు చెవిన పడింది. వాడు తెలివైనవాడు. కొసరు అడగని ప్రాణి ఈ అడవిలో లేదు గనక, అడగనివాళ్ళే అవ్వ పంపినవాళ్ళని తేల్చుకున్నాడు. అంతలో ఎక్కడో దూరదేశపు కొంగ ఒకావిడ వచ్చింది. ఇక్కడి వాడుక తెలియక మాట్లాడకుండా నిలబడింది. గోవిందు ఆవిడ ముంత పొంగేలా పోసి, ప్రయాణం ఎలా సాగిందని కూడా అడిగాడు.

ఆవిడ వెనకే పోలయ్య. కొలత పూర్తయ్యేదాకా అవ్వ మాట గుర్తుంది. పుట్టుకతో వచ్చిన అలవాటు, నోరు ఊరుకోలేదు.

"ఇంతేనా గోవిందూ? కొసరు వెయ్యి."

"నీ మొహానికి కొలతే ఎక్కువ. సబ్బునీళ్ళు తాగేవాడికి తేనె రుచి దేనికి?"

"అవ్వ కూర్చున్న రోజుల్లో ఆకులో వేసి, పిల్లలకు నాకించమని ఇచ్చేది."

"అయితే పోయి ఆ ముసలిదాన్నే అడుక్కో."

పోలయ్య తలవంచుకుని గుట్ట ఎక్కాడు. పని చెడగొట్టానని, అడగొద్దన్నా అడిగేశానని, కూలి వద్దని చెప్పాడు. గోవిందు ఏమన్నాడని అవ్వ అడిగితే, కొంగ ముంత దగ్గర్నుంచి ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

అవ్వ కూలి డబ్బులు తీసి పోలయ్య ముందు పెట్టింది.

"తప్పు నాదేరా పోలయ్యా. అడిగినవాడితో ఎలా మాట్లాడతాడో చూసి రమ్మనాల్సింది. నువ్వు అడిగావు గనక నాకు తెలిసింది. కూలి తీసుకో."

మర్యాద ఎవరికి చెయ్యాలో ఏరుకునేవాడు ఎప్పుడో ఒకరోజు తప్పుగా ఏరుకుంటాడు.

ఆ మరుసటి వేసవిలో అవ్వ పోయింది. ఆవిడ చెప్పిపోయినట్టే అంగడి పోలయ్యకు వచ్చింది. చెట్ల మీద అవ్వకున్న తేనెపట్టులు తేనెటీగలకే దక్కాయి. గోవిందుకు ఏమీ రాలేదు.