ముళ్ళకంచె దాకా నడిచిన హైమ పిన్ని

దుప్పటి పైకి లాక్కో తల్లీ. కాళ్ళు ముడుచుకో. ఆఁ, ఇప్పుడు చెబుతా.

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలెడదామంటే, ఈ కథలో ఊరు దూరంగా ఉంది. అందుకని అనగనగా ఒక అడవి అనుకుందాం. ఆఫ్రికాలో, జాంబియా దేశంలో, లువాంగ్వా అనే ఏటి పక్కన ఉంది ఆ అడవి. మన అడవిలా కొండల మీద ఉండదు. చదునుగా ఉంటుంది. మనిషెత్తు గడ్డి. మధ్యమధ్య చెట్లు. ఎంత దూరం చూసినా అదే.

ఆ ఏటి ఒడ్డున ఒక విడిది ఉంది. గడ్డి కప్పిన గదులు, పెద్ద వంటిల్లు, నాలుగు జీపులు. ఏనుగుల్నీ సింహాల్నీ చూడాలని దేశదేశాల వాళ్ళు వచ్చి అక్కడ దిగేవారు. వాళ్ళకి వంట చేసేది మా చెల్లెలి కూతురు హైమ. నీకు పిన్ని వరస. హైమ మొగుడు నూకరాజు అక్కడే జీపులు, నీళ్ళ మోటార్లు బాగుచేసేవాడు. బొబ్బిలి దగ్గర పుట్టిన పిల్ల. చిన్నప్పుడు బల్లిని చూస్తే మంచమెక్కేసేది. అలాంటిది ఎక్కడికి చేరిందో చూడు!

అప్పుడు కరోనా వచ్చింది. నువ్వింకా ఉయ్యాల్లో ఉన్నావు. ఇక్కడ మనం తలుపులు వేసుకున్నట్టే అక్కడా వేసుకున్నారు. ముందు, విడిదిలో దిగినవాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత విడిది యజమాని వెళ్ళిపోయాడు. "కొద్ది రోజుల్లో వచ్చేస్తాను, చూసుకోండి" అన్నాడు. ఆ తర్వాత పనివాళ్ళంతా వాళ్ళ పల్లెకి వెళ్ళిపోయారు. హైమా నూకరాజూ ఎక్కడికి వెళతారు? విమానాలు ఆగిపోయాయి కదా. వాళ్ళిద్దరూ, కాపలా ఉండే బాందా తాతా మిగిలారు. అంత పెద్ద అడవిలో ముగ్గురే.

మొదట్లో హైమకి బాగానే ఉండేది. పొద్దున్నే వాకిలి ఊడ్చేది. మొక్కజొన్న పిండి ఉడికించి ముద్ద చేసేది. అక్కడ చింతచెట్లు ఉన్నాయిట, చింతకాయ పిసికి చారు పెట్టేది. ఎవరూ పడుకోని పక్కల మీద దుమ్ము దులిపేది. ఎందుకమ్మా అంటే, "దులపకపోతే ఇంకెవరూ రారేమో అనిపించేది పెద్దమ్మా" అంది నాతో.

జీపుల చప్పుడు ఆగిపోయింది. మనుషుల మాటలు ఆగిపోయాయి. అప్పుడు అడవి మెల్లిగా దగ్గరికి జరగడం మొదలెట్టింది.

ముందు ఏనుగు వచ్చింది. ఒకనాటి మధ్యాహ్నం హైమ వంటింట్లో పిండి కొలుస్తోంది. గదిలో వెలుగు పోయింది. మబ్బు పట్టిందేమో అనుకుని తలెత్తింది. మబ్బు కాదు తల్లీ, కిటికీ నిండా ఏనుగు! తొండం లోపలికి వచ్చింది. బల్ల తడిమింది. గిన్నె తడిమింది. హైమ మెడ పక్కన ఫూ అని ఊపిరి వదిలింది. వేడిగా, తడిగా, గడ్డి వాసన.

"కదలకు తల్లీ" అని బయట నుంచి బాందా తాత గొంతు. "నువ్వు గోడవి. గోడకి ఊపిరుండదు."

హైమ గోడైపోయింది. ఏనుగు పిండి బస్తా లాక్కుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత సింహం వచ్చింది. ఆడసింహం. వాళ్ళ గదికీ నీళ్ళ పంపుకీ మధ్య దారి మీద నీడ పడే చోటు ఒకటుంది. అక్కడ కాళ్ళు బారచాపి పడుకునేది. అది లేస్తేనే వీళ్ళకి నీళ్ళు. అది పడుకుంటే వీళ్ళ బిందె ఖాళీ. నూకరాజు తలుపు సందులోంచి చూసి, "అత్తగారు ఇంకా లేవలేదే" అనేవాడు. హైమ నవ్వేది. కానీ గడియ వేసిందో లేదో మళ్ళీ మళ్ళీ చూసుకునేది.

బాందా తాత ఒక్కటే చెప్పేవాడు. "ఎదురుపడితే పరిగెత్తకు. వీపు చూపించకు. పరిగెత్తేదాన్ని అది తిండి అనుకుంటుంది."

మూడోసారి వచ్చింది జంతువు కాదు, మనుషుల భయం.

విడిదికి దూరంగా ఒక పల్లె. అక్కడ తియామికె అని ఒకావిడ ఉంది. అంతకుముందు హైమతో పాటు వంట చేసేది. ఆ ఊరికి ఆరోగ్య కార్యకర్త కూడా ఆవిడే, మనూళ్ళో జ్వరం మాత్రలిచ్చే ఆశా అమ్మాయి లేదూ, అలాగన్నమాట. హైమని చూస్తే చాలు, గట్టిగా వాటేసుకునేది. ఒకసారి హైమ బాందా తాతతో కలిసి పల్లెకి వెళ్ళింది. చూస్తే దారికి అడ్డంగా ముళ్ళకొమ్మల కంచె. కొత్తవాళ్ళెవరూ రాకూడదని ఊరి పెద్దలు కట్టించారు. తియామికె అవతల నిలబడి, ఒంటికి చుట్టుకున్న గుడ్డ చెంగుతో నోరు మూసుకుంది.

"దగ్గరికి రాకు హైమా. ఇంట్లో ముసలమ్మ ఉంది, పాప ఉంది" అంది.

ఒక చీమలపుట్ట మీద గుమ్మడాకులు, వేరుశనక్కాయలు పెట్టి వెనక్కి వెళ్ళింది. అప్పుడు హైమ వెళ్ళి అవి తీసుకుని, ఉప్పు, సబ్బు పెట్టి వచ్చింది. ఏనుగు ఊపిరి తగిలినప్పుడు రాని ఏడుపు ఆ దారిలో వచ్చిందిట.

అలా రోజులు గడిచాయి. అప్పుడు నూకరాజుకి జ్వరం వచ్చింది.

ఒళ్ళు కాలిపోతోంది. మధ్యలో వణుకు. కొంచెం దగ్గు. ఆ దగ్గు వినగానే హైమ ఫోను తీసింది. ఫోను పలకదు. జీపు తోలేది నూకరాజు ఒక్కడే.

"అది మలేరియా అయితే మాత్రలకి తగ్గుతుంది" అన్నాడు బాందా తాత. "కానీ ఆలస్యం చేస్తే తలకెక్కుతుంది. తియామికె దగ్గర మందుంది. నేను వెళ్ళొస్తాను."

"కరోనా అయితే తాతా?"

తాత చేతికర్ర తీసుకుని తెల్లారగానే బయల్దేరాడు.

పొద్దెక్కింది. తాత రాలేదు. మధ్యాహ్నమైంది. తాత రాలేదు. నూకరాజు కళ్ళు తెరిచి, "అమ్మా, చెరువు గట్టు మీద నా చొక్కా తెచ్చావా?" అన్నాడు. ఎదురుగా ఉన్నది హైమ. ఆమెని గుర్తుపట్టలేదు.

అప్పుడు హైమ లేచింది. మంచం పక్కన నీళ్ళు పెట్టింది. కిటికీలు మూసింది. "ఇప్పుడే వస్తానండీ" అని చెప్పింది, వినపడలేదని తెలిసినా. బయట నుంచి గొళ్ళెం పెట్టింది. చేతిలో ఒక పళ్ళెం, ఒక గరిటె. అంతే. చప్పుడు చేసుకుంటూ పోతే జంతువులు తప్పుకుంటాయని ఆశ.

గడ్డి దారిలో పడింది. టంగు టంగుమని పళ్ళెం కొడుతోంది. కొంచెం దూరం పోయేసరికి కాళ్ళ దగ్గర బుర్రుమంది! హైమ కెవ్వుమంది. గిన్నీకోళ్ళు, గుంపుగా లేచిపోయాయి. ఆమె పళ్ళెం ఇంకా గట్టిగా కొట్టుకుంటూ నడిచింది.

ఆ తర్వాత గడ్డి పల్చబడింది. దారి మలుపు తిరిగింది. మలుపులో నిలబడి ఉంది, ఆడసింహం.

పడుకుని లేదు. నిలబడి ఉంది. హైమనే చూస్తోంది. పసుపు కళ్ళు. తోక చివర మాత్రం కదులుతోంది.

గరిటె చేతిలోంచి జారిపోయింది. కాళ్ళు వెనక్కి తిరగమంటున్నాయి. వెనక్కి తిరిగితే వీపు కనబడుతుంది. కాబట్టి తిరగలేదు. సింహంతో మాట్లాడింది. మన మాటలోనే మాట్లాడింది.

"నీకు దణ్ణం పెడతాను. నా మనిషి అక్కడ ఒక్కడూ పడి ఉన్నాడు. నేను పోకపోతే ఆయనకి నీళ్ళు పోసే దిక్కు లేదు. పక్కకి జరుగు. జరగవే!"

చివరికి అరిచేసింది. సింహం చెవులు వెనక్కి పెట్టింది. గుర్రుమంది. ఆ గుర్రు హైమకి కడుపులో వినబడిందిట.

ఏమిటే, నా చెయ్యి అంత గట్టిగా పట్టుకున్నావు? తినేసిందా అంటావా? తినేస్తే నాకీ కథ ఎవరు చెబుతారే పిచ్చిదానా!

సింహం అలా చూసి చూసి, తల తిప్పుకుని గడ్డిలోకి వెళ్ళిపోయింది. జాలిపడిందనుకునేవు. అదేం కాదు. "పొద్దున్నే జింకని తినుంటుంది, పొట్ట నిండుగా ఉంది, అందుకే" అని బాందా తాత తర్వాత చెప్పాడు. హైమ చాలాసేపు కదల్లేదు. ఆ తర్వాత ఒక్కో అడుగు పక్కకి వేసుకుంటూ, గడ్డి వైపే చూస్తూ, ఆ మలుపు దాటింది.

అలా ముళ్ళకంచె చేరింది. హమ్మయ్య, మనుషులు అనుకుంది. అప్పుడే ఒక రాయి వచ్చి ఆమె కాళ్ళ ముందు పడింది.

"ఆగు! అక్కడే ఆగు!"

కంచె అవతల కర్రలు పట్టుకుని మగవాళ్ళు. వాళ్ళు దొంగలేం కాదు. ఆమె చేతి వంట తిన్నవాళ్ళే. వాళ్ళకీ భయమే. దూరంగా ఒక చెట్టు కింద బాందా తాత కూర్చుని ఉన్నాడు. జ్వరం ఉన్న ఇంట్లోంచి వచ్చాడని ఊళ్ళోకి రానివ్వలేదు, మందు లేకుండా అతనూ కదల్లేదు. పొద్దుట్నుంచి గొంతు పోయేలా అరిచాడు కానీ, తియామికె పొలంలో ఉంది. ఆమెకి ఎవరూ చెప్పలేదు.

హైమ ఆ మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుంది. "తియామికే!" అని పిలిచింది. ఇంకోసారి పిలిచింది. మూడోసారీ పిలిచింది.

అప్పుడు తియామికె వచ్చింది, అప్పుడే పొలం నుంచి. ఆమె కొంగు పట్టుకుని పాప, చిసోమో. అప్పటికి, ఇప్పటి నీ అంత ఉంటుంది. ఏం జరిగిందో విని, తియామికె ఇంట్లోకి పరిగెత్తి మందుల సంచీ తెచ్చింది. ఒకతను దాన్ని పొడుగాటి కర్రకి తగిలించి కంచె మీదుగా అందించాడు. హైమ అందుకోబోయింది. చేతులు ఎంత వణుకుతున్నాయంటే, సంచీ జారి కింద పడింది. మాత్రలు మట్టిలో దొర్లాయి. ఏరుకుంటోంది, మళ్ళీ జారిపోతున్నాయి.

తియామికె అది చూసింది.

"ముందు రక్తం పరీక్ష చెయ్యాలి. ఈ చేతులతో ఈమె చెయ్యలేదు" అంది.

"కంచె దాటావంటే మేం చెప్పేదాకా లోపలికి రాకూడదు. నీ పాప కోసమైనా సరే" అన్నాడు ఊరి పెద్ద.

తియామికె చిసోమోని వాళ్ళ ముసలమ్మకి అప్పగించింది. పాప ఏడ్చింది. తియామికె వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే వెళ్ళలేనని. ముళ్ళకొమ్మ ఒకటి పక్కకి లాగింది. చెయ్యి గీరుకుపోయింది. ఇవతలికి వచ్చేసింది. బాందా తాత కూడా కర్ర పట్టుకుని వాళ్ళ ముందు నడిచాడు. ముగ్గురూ దూరం దూరంగా, ఒకరి వెనక ఒకరు. సింహం మలుపులో ముగ్గురూ పెద్దగా పాడారుట. ఏ పాటో హైమకి గుర్తులేదు.

పొద్దు వాలకముందే విడిది చేరారు. గొళ్ళెం తీసేటప్పుడు లోపల చప్పుడు లేదు. ఆ కాస్తసేపూ హైమకి అడవంతా ఆగిపోయినట్టనిపించింది. తలుపు తీసింది. నూకరాజు ఊపిరి తీస్తున్నాడు.

తియామికె నోటికి గుడ్డ కట్టుకుని అతని వేలు గుచ్చింది. ఒక్క చుక్క రక్తం, పరీక్ష చేసే చిన్న బిళ్ళ మీద వేసింది. ఒక గీత వస్తే మలేరియా కాదు. రెండొస్తే మలేరియా. ముగ్గురూ దాని మీదకి వంగి చూస్తున్నారు. ఒక గీత వచ్చింది. ఇంకేం రాలేదు. ఇంకేం రాలేదు. అప్పుడు, సన్నగా, ఎర్రగా రెండోది వచ్చింది.

"మలేరియా!" అంది తియామికె.

"మలేరియా!" అని హైమ ఏడ్చింది, నవ్వింది. మలేరియా అని తెలిసి పండగ చేసుకున్నవాళ్ళని ఎక్కడైనా చూశావా?

మాత్రలు వేశారు. మర్నాడు చెమట పట్టింది. ఆ తర్వాత జ్వరం దిగింది. ఆ తర్వాత నూకరాజు కళ్ళు తెరిచి, "హైమా, చారుందా?" అన్నాడు. పేరు పెట్టి పిలిచాడని హైమ వంటింట్లోకి పోయి చెంగు నోట్లో కుక్కుకుంది.

అంతా బాగానే ఉంది. కానీ తియామికె ఇంటికి వెళ్ళకూడదు కదా. చాలా రోజులు విడిదిలోనే ఉండిపోయింది. దులిపి పెట్టిన ఆ పక్కల్లో ఒక దాని మీద పడుకునేది. మధ్యాహ్నాలు ఏటి వైపు చూస్తూ కూర్చునేది. హైమ పక్కనే కూర్చునేది.

చివరికి ఊరి పెద్ద కబురు పంపాడు, రమ్మని. హైమ, నూకరాజు, బాందా తాత కూడా కంచె దాకా వెళ్ళారు. ముళ్ళకొమ్మలు తీశారు. తియామికె చేతులు చాపి, "చిసోమో!" అంది.

పాప రాలేదు.

ముసలమ్మ వెనక దాక్కుంది. బయటివాళ్ళు ముట్టుకుంటే జబ్బొస్తుందని రోజూ చెప్పారుగా మరి. అమ్మ ఇప్పుడు బయటినుంచి వచ్చింది. ఏం చేస్తుంది పసిది? తియామికె ఒక అడుగు వేసింది. పాప ఏడ్చింది. ఇంకో అడుగు వేసింది. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది.

అప్పుడు తియామికె మూడో అడుగు వెయ్యలేదు. ఉన్నచోటే మట్టిలో కూర్చుంది. చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. ఊరంతా చూస్తోంది.

చాలాసేపటికి చిసోమో ముసలమ్మ చాటు వదిలింది. కొంచెం ఆగి, కొంచెం వచ్చి, మళ్ళీ ఆగి, అలా దగ్గరికొచ్చింది. ఒక్క వేలు చాపింది. అమ్మ అరచేతిని అలా తాకింది. తాకి, ఏమైనా అవుతుందేమో అని చూసింది.

ఏమీ కాలేదు.

అప్పుడు ఒళ్ళోకెక్కి కూర్చుంది.

కథ వెళ్ళిపోయె కంచికి,
మనం చేరితిమి ఇంటికి,
నిద్దరమ్మా రావమ్మా
నా చిట్టితల్లి కంటికి.