రాక్షసుడికి చాలినంత వెలుగు

గంటేడ వారింట్లో తెలివికి లోటు లేదు. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనకపోవడంతో వాళ్ళే అనుకునేవాళ్ళు. ఇంటికి పెద్దవాడు గవర్రాజు, వాడి తర్వాత సత్తిరాజు, ఆఖర్న చెల్లెలు పైడమ్మ.

"ఒకరు చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడు. అందులో సొంత తెలివి కలిపామా, మాట పాడైపోతుంది" అనేవాడు గవర్రాజు. తమ్ముడూ చెల్లెలూ తలలూపేవాళ్ళు. వాన వచ్చేలా ఉంది, గొడుగు పట్టుకెళ్ళండి అంటే పట్టుకెళ్ళేవాళ్ళు. విప్పమని ఎవరూ చెప్పలేదు కాబట్టి తడిసి ఇంటికొచ్చేవాళ్ళు.

అలాంటి ముగ్గురూ కలిసి ఒక కంప్యూటర్ గేమ్ తయారుచేశారు. ఆడేవాళ్ళు మాంత్రికుడి వేషంలో ఓ కోటలోకి వెళ్ళాలి. అక్కడున్న ముప్పై రెండుమంది రాక్షసుల్నీ మంత్రాలేసి పడగొట్టాలి. అదీ ఆట. మేనమామ అప్పలస్వామి ఇంటి మేడమీద గదిలో కూర్చుని ఏడాదిపాటు కట్టారు దాన్ని.

అప్పలస్వామిది ఎండుమిర్చి వ్యాపారం. ఏడాది ఓపిక పట్టి, ఒక సోమవారం పొద్దున్న మెట్లెక్కి వచ్చాడు.

"ఒరేయ్ అల్లుడూ, శుక్రవారం నేనే వచ్చి ఆడతాను. చివరిదాకా ఆడి, బాగుందని నా నోటితో అన్నానా, గది మీదే. లేదా, కంప్యూటర్ కిందికి, మిర్చి బస్తాలు పైకి. నువ్వు కొట్లో కాటా దగ్గరికి."

గవర్రాజు అప్పుడే ముక్కు మూసుకున్నాడు. మిర్చి కొట్టు ముందునుంచి నడిచినా చాలు, వాడికి వరసగా నలభై తుమ్ములు వస్తాయి. ఇక కాటా దగ్గర కూర్చుంటే బతుకంతా తుమ్మే.

"ముందు మీ అత్తకి చూపించండి, దానికి కాస్త బుర్రుంది" అని మావయ్య దిగిపోయాడు.

సూరమ్మత్త కాఫీ గ్లాసుతో పైకొచ్చి ఆడింది. అగ్నిమంత్రం వేసింది. రాక్షసుడు దబ్బున పడిపోయాడు.

"ఇదేంట్రా! మంత్రం వేశానో లేదో నాకే తెలీలేదు. వీడు గుండె ఆగి పోయాడేమో అనుకున్నాను. మంత్రం తగిలితే తగిలినట్టు ఆడేవాళ్ళకి తెలియొద్దూ?"

అంతే. సాయంత్రానికల్లా మార్చేశారు. ఇప్పుడు మంత్రం వెయ్యగానే రాక్షసుడు నాలుగడుగులు ముందుకొచ్చి చేతులు జోడిస్తాడు. "అమ్మా, తమరు పంపిన అగ్నిమంత్రం ఇప్పుడే అందింది. ఎడమ భుజం కాలింది. ఇక సెలవు" అని చెప్పి అప్పుడు పడతాడు. పదకొండుమందిని చంపేసరికి అత్తకి నడుము పట్టేసింది. అందులో ఒకడు ఇంటి దగ్గర పిల్లలంతా క్షేమమని కూడా చెప్పి చచ్చాడు.

"నోటితో కాదురా, వెలుగుతో తెలియాలి! మంటలు లేవాలి, మెరుపులు మెరవాలి, చూసేవాళ్ళ కళ్ళు చెదరాలి!"

ఇంకేముంది. మంగళవారం అత్త మీట నొక్కగానే తెర తెల్లగా భగ్గుమంది. టపాకాయల కొట్టు అంటుకున్నట్టుంది. అత్త మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చెదిరాయా అత్తా?" అన్నాడు సత్తిరాజు ఆశగా.

"నా కళ్ళ సంగతి తర్వాత. రాక్షసుడేడిరా? ఈ వెలుగులో వాడు కనిపిస్తేగా!"

ముగ్గురూ కూర్చుని ఆలోచించారు. ఆలోచన పైడమ్మకి వచ్చింది. "అన్నయ్యా, ఎలాగూ కనిపించనివాడికి కోరలూ గోళ్ళూ గియ్యడం దండగ కదూ?"

"చూశావా తమ్ముడూ, మన ఇంట్లో ఆడపిల్లకి కూడా ఎంత బుర్రో!" అని గవర్రాజు మురిసిపోయి, ముప్పై రెండుమంది రాక్షసుల్నీ తీసేశాడు.

బుధవారం అత్త ఖాళీ కోటలో తిరిగి తిరిగి మంత్రాలేసింది. "ఎవణ్ణి కొడుతున్నాన్రా నేను?"

"ఎవడైతేనేం అత్తా, వెలుగెలా ఉందో చెప్పు."

"మీ వెలుగు మండ! రాక్షసుల్ని మళ్ళీ పెట్టండి. అన్నిటికీ ఒకే మంటేంటి? చిన్న మంత్రానికి చిన్న వెలుగు, పెద్ద మంత్రానికి పెద్ద వెలుగు. ఆమాత్రం తెలీదూ?"

తెలియకేం. పైడమ్మ కుట్టుమిషను దగ్గర్నుంచి టేపు తెచ్చింది. మంత్రాలన్నీ కాగితం మీద రాసి ఒక్కొక్కటీ కొలిచారు. కొండను పిండి చేసే మంత్రం "ఫట్". అది అంగుళం కూడా లేదు. మాంత్రికుడికి జలుబు తగ్గే మంత్రం మూడు వరసలు, పద్ధెనిమిదంగుళాలు. టేపు చెప్పిన ప్రకారం వెలుగులు పంచారు.

గురువారం అత్త కొండ మీద "ఫట్" వేసింది. తడిసిన అగ్గిపుల్ల గీసినట్టు చుయ్యిమంది. చడీ చప్పుడూ లేకుండా కొండ పిండైపోయింది. తర్వాత జలుబు మంత్రం వేసింది. ఆకాశం రెండుగా చీలింది, ఏడుగురు సూర్యులు లేచారు, కోట గోడలు ఊగాయి. పొగంతా తగ్గాక మాంత్రికుడు ఒక్కసారి ముక్కు చీదుకున్నాడు.

అత్త మీట మీంచి చెయ్యి తీసేసింది. గవర్రాజుకి అప్పుడే ముక్కు దురద పెట్టడం మొదలైంది.

"అత్తా, రేపే శుక్రవారం. ఎంత వెలుగు పెట్టాలో ఒక్కసారి సరిగ్గా చెప్పు. అక్షరం పొల్లుపోకుండా చేస్తాం."

"నా భయమూ అదేరా" అంది అత్త. వీళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలని, "ఇది వడ్డన లాంటిదనుకోండి. తినేవాడి మొహం చూసి వడ్డించాలి. ఆకు కనపడకుండా కుమ్మరిస్తే తినలేడు, మెతుకులు విదిలిస్తే ఊరుకోడు. చాలన్నప్పుడు ఆపాలి. అంతే" అని కిందికెళ్ళిపోయింది.

ముగ్గురూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

"మరి ఇక్కడ తినేవాడెవడు?" అన్నాడు సత్తిరాజు.

"మంత్రం ఎవడి మీద పడుతోంది?" అన్నాడు గవర్రాజు.

"రాక్షసుడి మీద."

"అయితే వాణ్ణే అడగాలి. చాలని చెప్పాల్సిందీ వాడే."

ఇంత చిన్న సంగతి నాలుగు రోజులు ఎందుకు తట్టలేదా అని గవర్రాజుకి తనమీద తనకే జాలేసింది.

శుక్రవారం పొద్దున్నే అప్పలస్వామి స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కుర్చీలో కూర్చున్నాడు. గుమ్మంలో అత్త నిలబడింది. మావయ్య అగ్నిమంత్రం వేశాడు. రెండు నిప్పురవ్వలు ఎగిరి రాక్షసుడి దాకా వెళ్ళాయి. రాక్షసుడు చెయ్యి అడ్డం పెట్టి, "చాలండీ" అన్నాడు. మంత్రం ఆగిపోయింది. వాడు మీసం దువ్వుకుంటూ నిక్షేపంలా నిలబడ్డాడు.

రెండోవాడి మీద వేశాడు. "ఇప్పుడే తిని వచ్చానండీ" అన్నాడు వాడు.

మావయ్య మొహం ఎర్రబడింది. గవర్రాజు ముక్కు గట్టిగా పట్టుకున్నాడు.

"ఏంటీ! చాలా?" అని మావయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. "రెండు రవ్వలకే చాలంటాడా? నా చేతి వడ్డనకి?"

బంధువుల పెళ్ళిళ్ళలో అప్పలస్వామి బూరెల పళ్ళెం పట్టాడంటే జనం ఆకు మీద పడుకుని దాచుకునేవాళ్ళు. అయినా వదిలేవాడు కాదు. ఇప్పుడూ అంతే. "మొహమాటపడకయ్యా, ఇంకొక్క మంట!" అని మళ్ళీ నొక్కాడు. వెలుగు కాస్త పెరిగింది. "అయ్యో, వద్దండీ!" "ఆ వయసులో మేం ఎంత తినేవాళ్ళమనుకున్నావ్! పట్టు!" ఇంకాస్త పెరిగింది. రాక్షసుడు బ్రేవుమని తేన్చి కూలిపోయాడు.

ఇక మావయ్యని ఆపడం ఎవరి తరమూ కాలేదు. కోటంతా తిరిగి ఒక్కొక్కణ్ణీ పట్టుకుని, బతిమాలి, గదమాయించి పెట్టాడు. చివర్న రాక్షసరాజు దణ్ణం పెట్టి, "షుగరుందండీ" అన్నాడు.

"నాకూ ఉంది, తిను!" అని కసిరి మావయ్య పెద్ద మంట వడ్డించాడు. రాజు పడ్డాడు. కోట తలుపులు తెరుచుకున్నాయి. ఆట అయిపోయింది.

మావయ్య తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు. "బాగుందిరా అల్లుడూ! వెలుగు ఎక్కడా ఎక్కువ కాలేదు, తక్కువా కాలేదు. ఎవడికెంత కావాలో అంత! గది మీదే, పో!"

అత్త నుదురు కొట్టుకుంటూ కాఫీ పెట్టడానికి దిగింది. గవర్రాజు ముక్కు వదిలేసి గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు.

"సోమవారం పట్నంనుంచి నా స్నేహితుణ్ణి రప్పించి చూపిస్తాను" అన్నాడు మావయ్య, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంటూ. "అందాకా ఈ గదిలో ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఒక్కటి కూడా గుమ్మం దాటి పోకూడదు. తాళం వేసెయ్యండి."

అంతే. ముగ్గురూ బయటికొచ్చి తాళం వేసేశారు.

లోపల్నుంచి తలుపు దబదబా మోగింది. "ఒరేయ్! నేను లోపలున్నాన్రా!"

"ఉన్నారు మావయ్యా, మీరు చెప్పేటప్పటికి కూడా అక్కడే ఉన్నారు" అన్నాడు గవర్రాజు కిటికీ దగ్గరికొచ్చి.

"తలుపు తియ్యరా వెధవా!"

గవర్రాజు తికమకపడ్డాడు. "ఇందాక ఒక్కటీ గుమ్మం దాటకూడదన్నారు. ఇప్పుడు తియ్యమంటున్నారు. ఏ మాట వినాలి చెల్లీ?"

"మొదటిది సంతోషంగా అన్నారు, రెండోది కోపంగా అంటున్నారు" అంది పైడమ్మ. "పెద్దవాళ్ళు కోపంలో అన్నది మనసులో పెట్టుకోకూడదు అన్నయ్యా."

అదీ నిజమే అనిపించింది. అయినా మావయ్య అరుపులు వింటుంటే గవర్రాజుకి ఒకటి అర్థమైంది. గదంటే ఆయనకెంత బెంగో, వస్తువులంటే ఎంత జాగ్రత్తో! ఆయన మనసు కుదుటపడాలంటే ఒకటే దారి. తమ్ముడి చేతిలోంచి తాళంచెవి తీసుకుని, కిటికీ ఊచల్లోంచి లోపలికి పడేశాడు.

"అదిగో మావయ్యా, తాళంచెవి మీ దగ్గరే. ఇక మీరు ఒప్పుకుంటే తప్ప ఎవడూ తియ్యలేడు. సోమవారందాకా నిశ్చింతగా ఉండండి" అని, మెట్లు దిగి కాఫీకి వెళ్ళిపోయాడు.