రెండు నెలల గడ్డ

స్కాన్ ఫిల్మ్ చూసి రోగమేమిటో చెప్పడంలో త్రినాథ్‌ని మించినవాడు ఆ ఆసుపత్రిలో లేడు. ఈ మాట అన్నది త్రినాథే అనుకోండి! రేడియాలజీ పీజీలో రెండో ఏడు. రోగిని కూర్చోబెట్టి మాట్లాడకుండానే నాలుగు వాక్యాల రిపోర్టు రాసి పారేసేవాడు.

అలాంటివాడికి ఆ ఉదయం ముద్ద దిగలేదు. ముందురోజు నూకరాజు అనే టైలరుకి తను చెప్పిన మాటే గుండెల్లో గుచ్చుకుంటోంది.

నూకరాజు ఎడమ కన్ను కిందికి దిగి, ముందుకు పొడుచుకొచ్చింది. ఫిల్మ్‌లో చూస్తే, నుదుటి లోపలా ముక్కు పక్కనా ఉండే గాలి గదుల్లోంచి కంటిగూట్లోకి చొచ్చుకొచ్చిన తెల్లటి ముద్ద. "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాడు త్రినాథ్. "రెండు నెలలండి" అన్నాడు నూకరాజు. అంత ముద్ద రెండు నెలల్లో పెరిగిందంటే ఇంకేముంది! ఎముక క్యాన్సర్ కావచ్చనీ, కన్ను తీసేయాల్సి రావచ్చనీ వరండాలో నిలబెట్టే చెప్పేశాడు. ఆ మనిషి "సరేనండి" అని, గోడవారగా అలాగే కూలబడిపోయాడు. ఆ 'సరే' త్రినాథ్‌ని రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

ఇప్పుడు రిపోర్టు మీద పేరిందేవి మేడమ్ సంతకం కావాలి. ముప్పై ఏళ్ళుగా ఆ విభాగంలో పాఠం చెబుతున్న మనిషి. మేడమ్ రిపోర్టు చదివారు. ఫిల్మ్ వైపు చూడలేదు. తలుపు తీసి, బయట నూకరాజు పక్కన కూర్చున్న అతని భార్య మరిడమ్మను పిలిచారు.

"మీ ఆయన పాత ఫొటోలేమైనా ఉన్నాయా అమ్మా?"

సర్కారు ఆసుపత్రికి వచ్చేవాళ్ళ చేతిలో కాగితాల కవరు లేకుండా ఉంటుందా? ఏ కిటికీ దగ్గర ఏ కార్డు అడుగుతారో ఎవరికి తెలుసు! మరిడమ్మ కవరు మొత్తం బల్ల మీద బోర్లించింది. ఆధార్, ఓటరు కార్డు, ఇంటిల్లిపాదీ ఫొటో ఉన్న పాత రేషన్ కార్డు. వాటి మధ్య ఒక పెళ్ళి ఫొటో.

"ఇదెందుకు తెచ్చావు?" అని అడిగారు మేడమ్.

"కన్ను తీసేస్తారన్నారు కదండీ. రెండు కళ్ళూ ఉన్న మొహం ఒకటి దగ్గరుంచుకుందామని."

త్రినాథ్ తల దించుకున్నాడు.

మేడమ్ ఆమెను బయట కూర్చోమని, అన్నిటినీ పాతవి ముందు, కొత్తవి వెనక వరసగా పేర్చారు. భూతద్దం తీసి త్రినాథ్ చేతిలో పెట్టారు.

"చదువు నాయనా."

త్రినాథ్ వంగి చూశాడు. పెళ్ళి ఫొటోలో రెండు కళ్ళూ ఒకే వరస. పదిహేనేళ్ళ నాటి రేషన్ కార్డులో ఎడమ కన్ను నూలుపోగంత కింద. ఓటరు కార్డులో ఇంకాస్త. ఎనిమిదేళ్ళ నాటి ఆధార్‌లో అద్దం లేకపోయినా తెలుస్తోంది.

"మరి రెండు నెలలన్నాడు మేడమ్!"

"దేనికి రెండు నెలలు?"

త్రినాథ్ ఒక్క అంగలో బయటికి వెళ్ళి అడిగొచ్చాడు. దారం ఎక్కించబోతే సూది రెండుగా కనబడటం మొదలై రెండు నెలలట. కన్ను కిందికి దిగిన సంగతో? "ఈయన మొహమే అంత అనుకున్నామండి" అందట మరిడమ్మ.

"ఇప్పుడు ఎముక కనబడే సెట్టింగు పెట్టి చూడు" అన్నారు మేడమ్, కంప్యూటర్ చూపిస్తూ.

నిన్న అతను మెత్తటి కండను చూపే సెట్టింగులో తీసిన ఫిల్మ్ ఒక్కటే చూసి లేచిపోయాడు. అందులో ఎముకంతా ఒకటే తెలుపు. కంప్యూటర్లో సెట్టింగు మార్చగానే ముద్ద అంచు అరిగిన సబ్బుబిళ్ళలా నున్నగా తేలింది. పక్క ఎముకను ఎక్కడా తినలేదు, నెట్టుకుంటూ వచ్చిందంతే.

"ఆస్టియోమా మేడమ్! వట్టి ఎముక గడ్డ! క్యాన్సర్ లక్షణం ఒక్కటీ లేదు!" అరిచినంత పని చేశాడు. "గడ్డ తీస్తే చాలు, కంటి జోలికి వెళ్ళక్కర్లేదు."

"తీసిన ముక్కను పరీక్షకు పంపమని కూడా రాయి. అది పద్ధతి." మేడమ్ పాత రిపోర్టు చింపేశారు.

"వాళ్ళకి మీరు చెబుతారా మేడమ్?"

"నిన్న చెప్పిందెవరు?"

త్రినాథ్ వెళ్ళి నూకరాజు పక్కన నేల మీదే కూర్చున్నాడు. తను తప్పు చూశానని చెప్పాడు. ఉన్నదేమిటో, చేయబోయేదేమిటో రెండుసార్లు చెప్పాడు. నూకరాజు డాక్టరు చెయ్యి పట్టుకుని వదల్లేదు. మరిడమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ వెంటనే మొగుడి మీద విరుచుకుపడింది.

"విన్నావా? నిన్న సాయంత్రం ఊరంతా తిరిగి ఎవరి గుడ్డలు వాళ్ళకి కుట్టకుండానే ఇచ్చేసొచ్చావు! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడుగుతావు?"

"ఈ మొహమే పెట్టుకుని" అన్నాడు నూకరాజు.

ముగ్గురూ నవ్వారు. త్రినాథ్‌కి కళ్ళు తడిశాయి కూడా, దాచుకోలేదు.

లోపల బల్ల మీద తరువాతి ఫిల్మ్ సిద్ధంగా ఉంది. త్రినాథ్ దాన్ని ముట్టుకోలేదు. గుమ్మం దగ్గరే ఆగి, వరండాలోకి చూసి కేకేశాడు.

"ఈ తరువాత ఎవరండీ? ఒకసారి లోపలికొచ్చి కూర్చోండి."

పేరిందేవి మేడమ్ లేచి, తన కుర్చీ వచ్చేవాళ్ళ కోసం అటు జరిపారు.