పైడయ్య తినేసిన మొలక కాయ

అనగనగా, ఊరు అయిపోయి సముద్రం మొదలయ్యే చోట, పైడయ్య అని ఒకడుండేవాడర్రా. ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం. వాడికి దీవులన్నీ చుట్టి రావాలని మహా సరదా. మొలలో డబ్బు సంచి బిగించి కట్టుకుని, ఈ ముడి విప్పకుండానే తిరిగొస్తా చూడండని ఊరందరికీ చెప్పి మరీ బయల్దేరాడు.

ఎలా వెళ్ళాడనుకున్నారు? పడవలో చోటిస్తే నీళ్ళు తోడతానన్నాడు. నీళ్ళు తోడాను కదా, గంజి పొయ్యమన్నాడు. గంజి పోశారు కదా, ఉప్పెయ్యమన్నాడు. ఉప్పేశారు కదా, నంజుకోను ఎండుచేప ఏదన్నాడు. అలా చిలకల దీవి, ఆపైన ఇసకల దీవి, ఆపైన మొగలి దీవి. ఎవరి అరుగు దొరికితే దాని మీదే పడక. అడిగితే పోయేదేముంది అనుకునేవాడు. పోయేది ఎదుటివాళ్ళది కదా మరి. ఊ కొట్టండర్రా, చిన్నదాని గొంతు వినపడటం లేదు.

మొగలి దీవిలో నూకాలు అనే బాలింత ఇంట్లో వాడికి కడుపునిండా అన్నం పెట్టారు. నూకాలు పుట్టిల్లు చిట్టచివరి దీవి. అక్కడ వాళ్ళమ్మ ఒక్కతే, కూతురు నీళ్ళాడిందో లేదో తెలీక రోజూ ఒడ్డున కూర్చుంటోంది. అందుకని నూకాలు మొలకొచ్చిన కొబ్బరికాయ పైడయ్య చేతిలో పెట్టింది. అన్నయ్యా, ఇది మా అమ్మ చేతికియ్యి, తల్లీబిడ్డా క్షేమమని తెలుసుకుంటుంది, నోటితో మాత్రం ఏమీ చెప్పకు అని మరీ మరీ చెప్పింది. వాడు తలూపాడు గానీ, మనసంతా రేపటి గంజి మీదే ఉంది.

నడిసముద్రంలో గాలి పడిపోయి పడవ ఆగింది. ఆకలి మొదలైంది. పడవవాళ్ళు అటుకులు అమ్ముతామన్నారు. ముడి విప్పితేగా! మొలక కాయలో పువ్వు ఎంత తియ్యగా ఉంటుందో మీకూ తెలుసు. కాయ కొట్టాడు, పువ్వు తిన్నాడు, చిప్పలు సముద్రంలో పారేశాడు. కబురు నోటితో చెప్పేస్తే పోలా అనుకున్నాడు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ చివరి దీవిలో చావుకబురు ఎవరూ చావుకబురులా చెప్పరు. ఉత్తచేతులతో వచ్చి, మీవాళ్ళంతా బాగున్నారమ్మా అంటారు. అంతే, విన్నవాళ్ళకి అర్థమైపోతుంది.

పైడయ్య ఉత్తచేతులతో దిగి, మీ అమ్మాయి నిక్షేపంలా ఉంది, పిల్లాడు ముద్దొస్తున్నాడు అన్నాడు. ముసలమ్మ వాడి చేతుల వంక చూసి ఇసకలో కూలబడిపోయింది. వాడు ఒట్టేశాడు. ఇంకా ఏడ్చింది. కాయ నేనే తినేశానమ్మా అని లెంపలేసుకున్నాడు.

"ఎంత మంచివాడివి నాయనా, నన్ను ఓదార్చడానికి తప్పు నీ మీద వేసుకుంటున్నావు," అందావిడ.

అప్పుడు విప్పాడర్రా ముడి. సంచి మొత్తం పడవవాళ్ళ ముందు కుమ్మరించి, వెనక్కి మొగలి దీవికి తీసుకుపొమ్మని కాళ్ళు పట్టుకున్నాడు. కానీ అప్పటికే వానగాలి తిరిగింది, ఎంతిచ్చినా పడవ దింపేది లేదన్నారు. వానాకాలమంతా వాడు ఆవిడకి గంజి కాచిపోస్తూ, ఆవిడ ఏడుపు వింటూ కూర్చున్నాడు. పడవలో ఆరోజు గుప్పెడు అటుకులు కొనుక్కుని ఉంటే ఎంత బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నాడో.

గాలి మళ్ళగానే వెళ్ళి నూకాల్నీ, పిల్లాణ్ణీ, ఇంకో మొలక కాయనీ తీసుకొచ్చాడు. తల్లీకూతుళ్ళు వాటేసుకున్నారు, దీవంతా పండగ చేసుకుంది. కానీ ఏడ్చి ఏడ్చి అప్పటికే ముసలమ్మకి చూపు పోయింది. మనవడి మొహం వేళ్ళతో తడిమి, ముక్కు మా ఆయనదే అని మురిసిపోయింది. పైడయ్యని పక్కన కూర్చోబెట్టుకుని, నవ్వితే ఎలా ఉంటాడో నువ్వైనా చెప్పు నాయనా అని అడిగింది.

ఆ కాయ వాడే ఆ ఒడ్డున పాతాడట. చెట్టయింది, గెలలేసింది. అందరూ తిన్నారు, అందరూ సుఖంగా ఉన్నారు. పైడయ్య మాత్రం ఒక్క ముక్క నోట పెట్టలేదట.

డబ్బు మిగుల్చుకోండర్రా, వద్దనను. కానీ ఒకళ్ళు మీ చేతిలో పెట్టింది ఇంకొకళ్ళ చేతికి చేరాల్సిందే. ఇక కథ పడవెక్కి కంచికి, మనం దుప్పట్లోకి.