అచ్చియ్యమ్మ గడ్డ

“సర్జన్ గారు గడ్డని కోసి తీసేశాక ఇక దాంతో పనేముంది మేడం? అది దేంతో తయారైందో మనకెందుకు?” అని ఓ మధ్యాహ్నం హైమ తన గురువు ఇందుమతి గారిని అడిగింది. ఒంట్లోంచి తీసిన ముక్కల్ని పలచగా తరిగి మైక్రోస్కోపులో చూసే ఆ ల్యాబులో ఆవిడ మాటే చివరి మాట. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు మాత్రం ఆవిడకి లేదు. “కిందికెళ్లి అచ్చియ్యమ్మని తీసుకురా. తోటికోడల్ని కూడా,” అన్నారు.

ఇద్దర్నీ ఒకేచోటికా అనుకుంటూనే హైమ మెట్లు దిగింది. ఆ గొడవ వార్డంతటికీ తెలుసు. కోనసీమ నుంచి వచ్చిన అచ్చియ్యమ్మ గర్భసంచి గోడలోంచి కొబ్బరికాయంత గడ్డ తీశారు. డాక్టర్లు ఫైబ్రాయిడ్ అన్నారు. తోటికోడలు నాగాయమ్మ పులుసులో మందు పెట్టిందనీ, ఆ మందే ఊరి ఊరి గడ్డ కట్టిందనీ అచ్చియ్యమ్మ పంతం. ఊరి పెద్దలూ నమ్మారు. నాగాయమ్మ వెలిగే కర్పూరం ఆర్పి, మందు పెట్టలేదని ప్రమాణం చెయ్యాలి, లేదా ఇల్లు విడిచిపోవాలి అన్నారు. చెయ్యని తప్పుకి ఆర్పను, పోతే పోతానంది ఆవిడ.

అచ్చియ్యమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి స్టూలు మీద కూచుంది. నాగాయమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఇందుమతి గారు ఆ గడ్డలోంచి తరిగిన ముక్క పెట్టి మైక్రోస్కోపు ముందుకి జరిపారు. లోపల గులాబిరంగు పాయలు, వరద గోదారిలా సుడులు తిరుగుతూ! హైమ ఎన్నిసార్లు చూసినా మైమరచిపోయేది.

“ఏటండీ ఇది, జడపాయల్లాగా?” అంది అచ్చియ్యమ్మ కన్ను ఆనించి.

“నీ కండేనమ్మా. గర్భసంచి గోడలో ఒకే ఒక్క కండకణం మాట వినడం మానేసి రెండయింది, రెండు నాలుగయ్యాయి. ఇవన్నీ ఆ ఒక్కదాని సంతానం. మధ్యలో ఈ నారపోగులు అల్లుకుని గట్టిపరిచాయి. నెలనెలా నీ ఒంట్లో ఊరే హార్మోన్లే దీనికి మేత. క్యాన్సర్ కాదు.”

“మరి మందండీ?”

“తినే మందు పేగుల్లోకి పోతుంది, గర్భసంచి గోడలో ఊరి గడ్డ కట్టదు. ఇది నీ సొంత గడ్డ మీద పుట్టిన గడ్డ. నీ బిడ్డల్ని మోసి, నొప్పులు పడి బయటికి తోసిన కండ ఉంది చూశావా, దాని వంశం. పరాయి చెయ్యి ఇందులో ఎక్కడా లేదు.”

అచ్చియ్యమ్మ మళ్లీ కన్ను ఆనించి చాలాసేపు చూసింది. కుట్లు లాగుతున్నా నడుం నిటారుగా చేసుకుంది.

“నలుగురు మగపిల్లల్ని మోసిన కండండి అది,” అంది, ఎవరో కాదన్నట్టు.

“అందుకే అంత పొగరుగా పెరిగింది!” గుమ్మంలోంచి నాగాయమ్మ అందుకుంది. “నే పెట్టే మందుకి అంత సత్తువెక్కడిదక్కా?”

“నోర్ముయ్యవే. ఇలా వచ్చి చెయ్యందుకో, మెట్లు దిగలేను. ఊళ్లో కర్పూరం ఊసు ఎవడెత్తినా నా దగ్గరికి రమ్మను.”

“నువ్వే చెప్పుకో. నేనెప్పుడో ఆర్పనన్నాను,” అంది నాగాయమ్మ తల దించకుండానే. చెయ్యి మాత్రం అందించింది.

మెట్ల మీంచి వాళ్ల వాదులాట వినబడుతూనే ఉంది. హైమ కళ్లు చెమర్చాయి. నేను ఈవిడ శిష్యురాలినని ల్యాబు కిటికీలోంచి ఊరంతటికీ అరిచి చెప్పాలనిపించింది.

ఇందుమతి గారు ఇంకో స్లైడు పెట్టుకుని, కన్నెత్తకుండా అన్నారు: “సర్జన్ గారు ఒంట్లో గడ్డ ఒకటే తీశారు, హైమా. మనసులోది ఇక్కడ తీశాం.”