ఎలుగుబంటి విందు, ఉడుత మాట

పిల్లలూ, ఈ కథ మీకింతవరకూ ఎవరూ చెప్పి ఉండరు. దగ్గరగా జరిగి కూర్చోండి.

అనగనగా అమెరికాలో, వర్జీనియా అనే రాష్ట్రంలో ఒక అడవి. అప్పటికి ఆ దేశం పుట్టి ఎన్నో ఏళ్లు కాలేదు. శాసనసభకు ఎన్నికలొస్తే అక్కడి మనుషులు అందరి ముందూ నిలబడి, ఎవరు కావాలో పేరు పైకి చెప్పేవారు. పోటీ చేసేవాళ్లు అక్కడే కూర్చుని వినేవారు. అది చూసి అడవిలో జంతువులూ అదే పద్ధతి నేర్చుకున్నాయి.

ఆ అడవిలో తోకమ్మ అనే ఉడుత ఉండేది. వాగు ఒడ్డున ఓకు చెట్ల తోపులో, ఒక తొర్రలో దాని కాపురం. తొర్రలో ఇంకా కళ్లు తెరవని పిల్లలు.

ఆ ఏడు పై అడవి బీవర్ల కన్ను ఆ తోపు మీద పడింది. చెట్లను పళ్లతో కొరికి పడగొట్టి, వాగుకు అడ్డకట్ట వేసుకోవడం వాటి పని. "ఆ తోపు మాకిప్పించండి" అని కొండమీద జరిగే జంతువుల సభను అడిగాయి. ఆ సభకు ఈ అడవి తరఫున ఒక్కరే వెళ్లాలి. తాబేలు తాత, ఎలుగుబంటి జంబన్న పోటీకి నిలబడ్డారు.

"తోపు ఇవ్వకూడదని సభలో గట్టిగా చెప్తాను," అన్నాడు తాత. అంతే. ఎవరికీ ఏమీ పెట్టలేదు.

జంబన్న మాత్రం ఎన్నిక ముందురోజు విందు చేశాడు. తేనె, ఆపిల్ రసం, కాల్చిన మొక్కజొన్న పొత్తులు.

"రావే తోకమ్మా! ఇంత చిక్కిపోయావేమే? తిను, తిను!"

"తోపు సంగతేమిటి మామా?"

"తినేచోట తోపుల గొడవెందుకే! ముందు ఆ తేనె సంగతి చూడు."

మర్నాడు ఎన్నికలో కుందేలు అందరి ముందూ ఒక చెట్టు మొద్దెక్కి, "జంబన్న!" అంది. టర్కీ కోడి ఎక్కి, "నా ముక్కు ఇంకా తియ్యగానే ఉంది. జంబన్న!" అంది. తర్వాత తోకమ్మ వంతు. తాత పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా జంబన్న నవ్వుతూ చూస్తున్నాడు. 'నిన్న అతని తిండి తిని, ఇవాళ మొహం మీదే ఎలా కాదంటాను?' అనుకుంది.

"జంబన్న," అంది నెమ్మదిగా.

జంబన్న గెలిచాడు. ఆకులు రాలే కాలానికి బీవర్లు తోపులోకి దిగాయి. తోకమ్మ జంబన్న దగ్గరికి పరుగెత్తుకెళ్లింది.

"మామా! సభలో మా కోసం ఒక్క మాటైనా అనలేదా? నీ పేరే చెప్పాను కదా!"

జంబన్న బద్ధకంగా ఒళ్లు విరుచుకున్నాడు. "చెప్పావు. ఊరికే చెప్పావా? తేనె తాగి చెప్పావు. నీ మాట ఆ రోజే కొనేసుకున్నాను. ఇంకా నా దగ్గర నీకేముంది?"

తోకమ్మ తొర్రకు తిరిగొచ్చింది. ఒక్కొక్క పిల్లనే నోట కరుచుకుని రాళ్ల సందులోకి చేర్చింది. భయపడకండి, పిల్లలకేం కాలేదు. కానీ వెనక చెట్టు కూలిన చప్పుడు అన్నీ విన్నాయి.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. మళ్లీ విందు. తోకమ్మ వెళ్లలేదు. రాళ్ల సందులోనే, తను దాచుకున్న ఎండు కాయ కొరుక్కుంది. మర్నాడు మొద్దెక్కి, జంబన్న కళ్లలోకి చూస్తూ, "తాబేలు తాత!" అని అరిచింది.

"అయ్యో, అతని తేనె తాగి మరీనా?" అంది టర్కీ కోడి.

"నేను తాగలేదు వదినా," అంది తోకమ్మ.

టర్కీ కోడి తల దించుకుని ముక్కు తుడుచుకుంది. ఈసారి తాత గెలిచాడు. తోకమ్మను చూసి మెడ బయటికి చాచాడు. "నీ చెట్టు తిరిగి తేలేనమ్మా. మిగిలిన చెట్లున్నాయి. సభలో నాతో ఏం చెప్పించాలో రేపు వచ్చి చెప్పు. నీకా హక్కుంది."

మీరు ఈ కథ విన్నారుగా. ఇక మీ స్నేహితులకు చెప్పండి. రేపు మీకు పుట్టబోయేవాళ్లకూ చెప్పండి.

నీతి: విందుకు అమ్ముకున్న మాటకు, తర్వాత నిలదీసే నోరుండదు.